నాటినవాడు చూడని ఎరుపు: స్టౌర్‌హెడ్ తోటలో ఋతువులు

ఇంగ్లండ్ నైరుతి భాగంలో, విల్ట్‌షర్ సరిహద్దులో స్టౌర్‌హెడ్ అనే పాత ఎస్టేట్ ఉంది. అక్కడి ఫొటో అంటూ ఏది చూసినా దాదాపు ఒకే దృశ్యం కనబడుతుంది. ముందు అయిదు కమానుల రాతి వంతెన, దాని వెనక చెరువు, అవతలి గట్టున గుమ్మటం ఉన్న మండపం. చుట్టూ చెట్లు పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో మండిపోతూ నీళ్లలో తలకిందులుగా కనిపిస్తాయి. ఏడాదంతా తెరిచి ఉండే తోటే అయినా అక్టోబరు మధ్య నుంచి నవంబరు మొదటి వారం దాకా అక్కడ జాతర వాతావరణం ఉంటుంది. జనం వచ్చేది ఆ ఎరుపు కోసమే.

ఈ తోట వేసిన హెన్రీ హోర్ మాత్రం ఆ ఎరుపును చూడలేదు. ఆయన 1785లో పోయాడు. ఇప్పుడు ఒడ్డున అందరూ ఫొటోలు దిగే జపాన్ మేపుల్ ఇంగ్లండ్ నేల మీదికి వచ్చిందే 1820 ప్రాంతంలో. ఆయన తోటలో రంగుల గోల లేదు. ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ, వాటి నడుమ నీడ, నీళ్లు, రాయి. 250 ఏళ్ల పాతదంటూ ఇవాళ చూపించే తోటలో ఏది ఎప్పటిదో తేల్చుకోవాలంటే కట్టడాల మీది శాసనాలు చదివినా పెద్దగా లాభం లేదు. ఒక ఏడాది పొడుగునా చెట్లను చూస్తే తెలిసిపోతుంది. స్టౌర్‌హెడ్‌లో ఒక్కో ఋతువు ఒక్కో యజమానిది.

ముందుగా మాటల దగ్గర ఒక చిక్కు ఉంది. ఇంగ్లిషువాళ్ల ఆటమ్‌ను మన పాఠ్యపుస్తకాలు శరదృతువు అని తెలుగు చేస్తాయి. కానీ మన శరత్తులో ఆకులు రాలవు. ఆశ్వయుజ కార్తీకాల్లో వానలు వెలిసి, ఆకాశం కడిగిన పళ్లెంలా ఉండి, చెరువులు నిండుగా కనిపిస్తాయి. అది వెన్నెల కాలం. మన దగ్గర ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. టేకు బోసిపోతుంది, మోదుగ ఒక్క ఆకు లేకుండా పూలతో నిలబడుతుంది. వాటి ఇబ్బంది నీటి ఎద్దడి. స్టౌర్‌హెడ్‌లో నీటికి కరువు లేదు, కరువల్లా వెలుతురుకే. ఆ ఊరు భూమధ్యరేఖకు 51 డిగ్రీలు ఉత్తరాన ఉంది. జూన్‌లో పగలు 16 గంటలు దాటుతుంది, డిసెంబరులో 8 గంటలకు పడిపోతుంది. హైదరాబాదులో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా రెండు గంటలే. అందుకని అక్కడి ఆకురాలు కాలాన్ని మన శరత్తుగానో శిశిరంగానో ఊహించుకుంటే కుదరదు. ఆకురాలు కాలం అనే పిలవడం మేలు.

ఇక ఈ ఎస్టేట్‌కు డబ్బు ఎక్కడిదన్న సంగతి. హోర్‌లు రాజవంశీకులు కారు, భూస్వాములు అంతకన్నా కారు. 1672లో లండన్‌లో బంగారు నగల వ్యాపారంతో మొదలై బ్యాంకుగా ఎదిగిన కుటుంబం అది. ఆ బ్యాంకు ఇప్పటికీ నడుస్తోంది. 1717లో మొదటి హెన్రీ హోర్ స్టౌర్టన్ అనే పాత జమీను కొని, అక్కడి కోటలాంటి ఇంటిని పడగొట్టించి, కోలిన్ క్యాంప్‌బెల్ అనే ఆర్కిటెక్ట్ చేత కొత్త భవనం కట్టించాడు. 1720లో సౌత్ సీ కంపెనీ షేర్లు ఆకాశానికెక్కి కుప్పకూలినప్పుడు ఇంగ్లండ్‌లో ఎందరో మునిగిపోయారు. హోర్ బ్యాంకు మాత్రం సమయానికి అమ్ముకుని లాభంతో బయటపడింది. మొదటి హెన్రీ 1725లో పోయాడు. కొడుకు రెండో హెన్రీ, 1740ల్లో తల్లి తదనంతరం ఇంటికొచ్చి తోట మొదలుపెట్టాడు. ఇక్కడ చెబుతున్న హెన్రీ ఈయనే.

హెన్రీ చేసిన మొదటి పని చెట్లు నాటడం కాదు, కట్ట వేయడం. స్టౌర్ నది పుట్టేది ఆ ఎస్టేట్‌లోనే. ఆరు ఊటల లోయ అని దానికి పేరు. అంతకు ముందున్న స్టౌర్టన్ ప్రభువుల వంశచిహ్నంలో కూడా ఆరు ఊటల బొమ్మలున్నాయి. ఆ నీళ్లు లోయలో చిన్న చిన్న చేపల కుంటలుగా నిలిచేవి. దిగువన మట్టికట్ట వేస్తే, 1750ల మధ్యకల్లా కుంటలన్నీ మునిగి ఒకే చెరువైంది. తెలుగువాళ్లకు ఇది వివరించనక్కర్లేని ఇంజనీరింగ్. కట్ట ఉంది, నిండితే పొర్లే అలుగు ఉంది. తేడా ఒక్కటే. మన రాజులు చెరువు తవ్విస్తే కింద ఆయకట్టు ఉంటుంది. ఈ చెరువు కింద గింజ పండదు. నీడలు పట్టడమే దాని పని.

చెరువు చుట్టూ మండపాలు లేచాయి. పూలదేవత ఫ్లోరా పేర ఒకటి, ఊట పుట్టేచోట రాతిగుహ, అవతలి గట్టున రోములోని పాంథియన్ అనే పురాతన ఆలయాన్ని తలపించే గుమ్మటం, 1762లో వంతెన, 1765లో ఎత్తున అపోలో మందిరం. గుళ్లని పిలిచినా పూజలు జరిగేవి కావు. ఫ్లోరా గుడి గుమ్మం మీద మాత్రం అపవిత్రులు దూరంగా ఉండాలని లాటిన్‌లో చెక్కి ఉంటుంది. నది ఊటను మించిన దేవుడు ఆ తోటలో లేడు కాబట్టి, ఆ హెచ్చరికను కాస్త నవ్వుకుంటూ చదవాలి.

హెన్రీ పెయింటింగులు కొనేవాడు. ఇటలీ పొలాలను బంగారు వెలుతురులో ముంచి చిత్రించిన క్లాద్ లొరేన్ బొమ్మల ప్రభావం ఈ తోట మీద ఉందని చాలామంది అంటారు. క్లాద్ 1672లో వేసిన డెలోస్ ద్వీపపు చిత్రంలో గుమ్మటం గుడి, వంతెన ఇలాగే ఉంటాయి. హోర్ బ్యాంకు పుట్టిన సంవత్సరమూ అదే కావడం కాకతాళీయం. పోలిక ఎంతవరకు నిజమన్నది పండితుల వాదన. చెట్ల విషయంలో మాత్రం హెన్రీ చిత్రకారుడిలాగే ఆలోచించాడని గట్టిగా చెప్పొచ్చు. ఆకుపచ్చల్ని విడివిడిగా చల్లకూడదు, బొమ్మలో నీడల్ని పెట్టినట్టు పెద్ద పెద్ద ముద్దలుగా పెట్టాలి, ముదురు ముద్ద పక్కన లేత ముద్ద రావాలి, ముదురు ముద్ద మొద్దుగా కనబడకుండా మధ్యలో లేతాకుపచ్చ చిలకరించాలి అన్నది ఆయన లెక్క. ఆయనతో మాట్లాడిన జోసెఫ్ స్పెన్స్ అనే రచయిత ఆ మాటను రాసిపెట్టాడు.

ఆ లెక్కకు ఆయన వాడిన చెట్లు ముఖ్యంగా రెండు రకాలు. లేత ముద్దలకు బీచ్, ముదురు ముద్దలకు ఫర్ లాంటి సూదాకుల చెట్లు. బీచ్ అంటే ఇక్కడ సముద్రపు ఒడ్డు కాదు. ఏనుగు కాలిలా నున్నటి బూడిదరంగు బోదె, పైన విశాలమైన గొడుగు ఉండే యూరప్ చెట్టు. దక్షిణ ఇంగ్లండ్ సుద్దనేలల్లో బాగా పెరుగుతుంది. అంతకుముందు గొర్రెలు మేస్తూ బోడిగా ఉన్న ఆ లోయ అంచులకు ఈ చెట్లే దుప్పటి కప్పాయి.

హెన్రీ తోట అచ్చంగా ఎలా ఉండేదో చూడాలంటే చలికాలంలో వెళ్లాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా జనం పలచగా ఉంటారు. తరవాతివాళ్లు పెట్టిన పూలు లేవు, రంగులు లేవు. బీచ్ కొమ్మలు బోసిగా, సన్నటి గీతల్లా ఉంటాయి. వాటి వెనక సూదాకుల చెట్లు, యూ చెట్లు నల్లగా నిలబడతాయి. నైరుతి నుంచి వాలుగా పడే ఎండ మధ్యాహ్నం మూడింటికే పలచబడుతుంది. వేసవిలో ఆకుల చాటున దాగే మండపాలు ఇప్పుడు ఒకదానికొకటి కనబడతాయి. ఫ్లోరా గుడి దగ్గర నిలబడితే నీటి అవతల పాంథియన్, పైన అపోలో. ఎక్కడ నిలబడితే ఏది కనబడాలో హెన్రీ వేసిన గీతలన్నీ అప్పుడు బయటపడతాయి. నాటకానికి తెరలు తీసేసి ఖాళీ స్టేజీని చూసినట్టుంటుంది. నిజానికి దారి పక్క చెట్లు చేసే పని కూడా స్టేజీ పక్క తెరలదే. నాలుగు అడుగులు నడిచాక పక్కకు తప్పుకుని ఒక దృశ్యాన్ని చూపిస్తాయి, మరో నాలుగు అడుగులకు మూసేస్తాయి.

చలికాలంలో దగ్గరగా చూడదగ్గది బీచ్ రెమ్మ. దాని మొగ్గ సన్నగా, పొడుగ్గా, కొస తేలి, గోధుమరంగు పొలుసులతో చిన్న బల్లెంలా ఉంటుంది. వచ్చే ఏడాది ఆకు మొత్తం అప్పటికే లోపల ఉంది, విసనకర్రలా ముడుచుకుని. ఏప్రిల్ చివర్లో ఆ పొలుసులు విడిపోతే ఆకు ఈనెల వెంట మడతలు విప్పుకుంటూ బయటికొస్తుంది. అంచున పట్టుదారాల్లాంటి తెల్లటి నూగు ఉంటుంది. రెండు మూడు వారాలు ఆ ఆకు ఎంత పలచగా ఉంటుందంటే, ఎండ దానిలోంచి దూరి నేల మీద కూడా పచ్చగానే పడుతుంది. తరవాత గట్టిపడి ముదురుతుంది, నూగు రాలిపోతుంది.

ఈ రెండు మూడు వారాల మీదే నేలపూల బతుకు ఆధారపడి ఉంటుంది. బీచ్ గొడుగు పూర్తిగా కమ్ముకుందంటే కింద దాదాపు చీకటి, ఏమీ మొలవదు. అందుకే ఆ అడవుల్లో గడ్డల మొక్కలు తొందరపడతాయి. ఫిబ్రవరిలో తెల్లటి స్నోడ్రాప్‌లు, మార్చిలో పసుప్పచ్చ డాఫొడిల్‌లు, ఏప్రిల్ చివర, మే మొదట్లో నీలి గంటపూలు. పైన పందిరి మూసేలోగా ఆకు వేసి, పూసి, గింజ కట్టి, వచ్చే ఏడాదికి గడ్డలో తిండి దాచుకుంటాయి. చెట్టుకూ పువ్వుకూ మధ్య ఏటా జరిగే పరుగు పందెం ఇది. వసంతం ముందే వచ్చిన ఏడాది చెట్లు తొందరగా ఆకేస్తే గంటపూలకు ఆ మేరకు గడువు తగ్గుతుంది.

మే వచ్చిందంటే యజమాని మారతాడు. తోట నిండా రోడోడెండ్రాన్ పూలు.

హెన్రీకి కొడుకులు దక్కలేదు. పెద్దవాడై బతికిన ఒక్క కొడుకూ 1751లో నేపుల్స్‌లో చనిపోయాడు. చివరికి ఎస్టేట్‌ను కూతురి కొడుకు రిచర్డ్ కోల్ట్ హోర్‌కు ఇచ్చాడు. ఒక షరతు పెట్టాడు. బ్యాంకు వదిలేయాలి. బ్యాంకు ఎప్పుడైనా దెబ్బతింటే దానితో పాటు తోట కొట్టుకుపోకూడదని ముసలాయన భయం. బ్యాంకర్ కాకుండా పోయిన మనవడు పురావస్తు పరిశోధకుడయ్యాడు. విల్ట్‌షర్ పాత సమాధి దిబ్బల్ని తవ్వించి వివరాలు గ్రంథస్థం చేసిన పేరు ఆయనది. చరిత్ర మీద ఆయనకున్న గౌరవం తాతగారు తోటలో పెట్టించిన టర్కీ తరహా డేరా మీద చూపించలేదు. అదీ, చైనా తరహా వస్తువులూ తీసేయించాడు. రోమన్ మండపాల పక్కన అవి అతకవని ఆయన అభిప్రాయం. చెరువు చుట్టూ కంకర దారి వేయించాడు. ఇవాళ సందర్శకులు నడిచేది చాలావరకు ఆ దారే.

చెట్లను సేకరించే పిచ్చి ఆయనది. తాతకు పచ్చదనంలో ఛాయలు కావాలి, మనవడికి జాతులు కావాలి. ఆ కాలంలో అమెరికా నుంచి, తూర్పు దేశాల నుంచి ఓడల్లో విత్తనాలు కుప్పలుగా వస్తున్నాయి. బీచ్‌ల కింద ఖాళీ నేలను నింపడానికి లారెల్ పొదలు వేశాడు. 1791 నుంచి రోడోడెండ్రాన్ పాంటికమ్ నాటించాడు. స్పెయిన్‌లోనూ నల్లసముద్రపు తీరాల్లోనూ సహజంగా పెరిగే పొద అది. ఏడాది పొడుగునా దట్టమైన తోలాకు, జూన్‌లో ఊదారంగు పూలు. నీడలో బతుకుతుంది, గొడ్లు ముట్టవు, కొట్టేస్తే మళ్లీ చిగురిస్తుంది. తోటమాలికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ గుణాలే తరవాత శాపమయ్యాయి. బ్రిటన్ అడవుల్లో పాంటికమ్ ఇప్పుడు మన సర్కారు తుమ్మ లాంటిది. వంటచెరకని, పచ్చదనమని తెచ్చినది ఊరినే కమ్మేసినట్టు, కొండవాలుల్ని కమ్మేసి కింద మరో మొలకను రానివ్వదు. ఓక్ అయినా బీచ్ అయినా తన గింజతో తాను పిల్లల్ని కనే దారి మూసుకుపోతుంది. దాన్ని తవ్వించి తీయడానికే ఇప్పుడు ఎస్టేట్‌లు డబ్బు ఖర్చు పెడుతున్నాయి.

ఇవాళ మే, జూన్‌లలో కనబడే ఎరుపు, గులాబీ, తెలుపు రోడోడెండ్రాన్‌లలో చాలా భాగం మాత్రం కోల్ట్ హోర్‌వి కావు. 1894లో ఎస్టేట్‌కు వచ్చిన ఆరో బారొనెట్ (బారొనెట్ అంటే వంశపారంపర్యంగా వచ్చే ఒక బిరుదు) సర్ హెన్రీ హోర్‌వి. పాత పాంటికమ్, లారెల్ పొదలు చాలావరకు తీయించి, ఆయన కొత్త సంకర జాతుల రోడోడెండ్రాన్‌లు, అజేలియాలు పెట్టించాడు. ఈ సంకరాల వెనక హిమాలయాలున్నాయి. మన ఉత్తరాఖండ్ కొండల్లో బురాన్స్ అని పిలిచే ఎర్రపూల రోడోడెండ్రాన్ 19వ శతాబ్దపు తొలి దశకాల్లో బ్రిటన్ చేరింది. ఆ శతాబ్దం మధ్యలో జోసెఫ్ హుకర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు సిక్కిం నుంచి మరెన్నో జాతులు తెచ్చాడు. చలిని తట్టుకునే పాత జాతులతో వాటిని కలిపి నర్సరీవాళ్లు వందల రకాలు పుట్టించారు. స్టౌర్‌హెడ్‌లో మే నెల ఎరుపుకు సగం తల్లివేరు హిమాలయాల్లోనే ఉంది.

ఈ పూల మీద ఫిర్యాదు కూడా ఉంది, అది న్యాయమైనదే. రోమన్ మండపం పక్కన నిమ్మపండు రంగు అజేలియా అరిచినట్టు ఉంటుంది. హెన్రీ పెట్టిన నీడ వెలుతురుల పొందిక ఆ రెండు మూడు వారాలు కనబడదు, కంటికి పూలే కనబడతాయి. పెళ్లిమండపంలో సీరియల్ లైట్లు వేస్తే శిల్పం కనిపించనట్టు. తోట చరిత్రకారుల్లో కొందరు ఆ పొదలన్నీ తీసేసి 1770ల నాటి తోటను తిరిగి తేవాలన్నారు. మరి 1830ల తోటను తోసేయడానికి కారణం? 1920ల తోటను? పూల కోసం టికెట్ కొని వచ్చే వేలమందిని? ఇప్పుడు తోటను చూసుకునే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ ఏ ఒక్క సంవత్సరం దగ్గరా గడియారం ఆపలేదు. పొదలు మండపాల చూపుకు అడ్డమొచ్చినచోట తగ్గించుకుంటూ, మిగతాచోట ఉంచుకుంటూ వస్తోంది. రాజీలా కనిపించినా, చెట్లతో వేరే దారి లేదు. భవనాన్నయితే కావలసిన ఏడాదినాటి రూపానికి తిరిగి తేవచ్చు. 1902లో ఇంటి మధ్యభాగం తగలబడితే పాత నమూనాలోనే మళ్లీ కట్టారు. 1770లో పదిహేనేళ్ల మొక్కగా ఉన్న బీచ్‌ను పదిహేనేళ్ల మొక్కగా ఎవరు తేగలరు?

జూన్ చివరికి పూలు అయిపోతాయి. జులై, ఆగస్టులలో హెన్రీ లెక్క మళ్లీ తెరమీదికి వస్తుంది. ముదురు ముద్ద, లేత ముద్ద, నీళ్లలో రెండింటి నీడ. ఫొటోలకు పెద్దగా పనికిరాని కాలం, కళ్లకు మాత్రం అసలైన కాలం. ఆ పచ్చలో ఒక్క వింత తులిప్ చెట్టు. అమెరికా తూర్పు తీరం నుంచి వచ్చింది, చంపక కుటుంబానికే చెందింది. జూన్, జులైలలో లేతాకుపచ్చ రేకుల మీద నారింజ పట్టీ ఉన్న పూలు పూస్తుంది. కానీ ఎత్తున పూయడం వల్ల, రంగు ఆకులో కలిసిపోవడం వల్ల కింద నడిచేవాళ్లలో చాలామంది తల కూడా ఎత్తరు. దాన్ని ఆకుతో గుర్తుపట్టడం తేలిక. ఆకు కొసను ఎవరో కత్తెరతో అడ్డంగా కత్తిరించినట్టు ఉంటుంది.

సెప్టెంబరులో పగలు కుంచించుకుంటూ రాత్రికి సమానమయ్యే వేళకు చెట్లలో లెక్కల ముగింపు మొదలవుతుంది. చలికాలంలో దొరికే కాస్త వెలుతురుతో ఆకును పోషించడం గిట్టుబాటు కాదు. పైగా మంచు పడితే లేత ఆకు ఎలాగూ పాడవుతుంది. అందుకని చెట్టు ముందుగా ఆకులోని విలువైన సరుకును, ముఖ్యంగా నత్రజనిని, కొమ్మలోకి వెనక్కి లాక్కుంటుంది. ఆ క్రమంలో పత్రహరితం విరిగిపోతుంది. ఏడాదంతా దాని చాటున ఉన్న పసుపు రంగు కెరోటినాయిడ్‌లు అప్పుడు బయటపడతాయి. అంటే తులిప్ చెట్టు పసుపు కొత్తగా వచ్చింది కాదు, పచ్చ తప్పుకుంటే కనబడింది. మేపుల్ ఎరుపు సంగతి వేరు. అది ఆంథోసయనిన్ అనే రంగు, చాలావరకు అప్పటికప్పుడు తయారవుతుంది. పగలు మంచి ఎండ కాసి, రాత్రి బాగా చల్లబడి, అయినా మంచు గడ్డకట్టని రోజులు వరసగా వస్తే ఆకులో చక్కెర నిలిచి ఎరుపు చిక్కబడుతుంది. మబ్బు పట్టి ముసురుతో గడిచే అక్టోబరులో ఎరుపు వెలవెలబోతుంది. ఒక ఏడాది రంగులు బాగా రాలేదని నిరాశపడేవాళ్లు తిట్టుకోవాల్సింది తోటమాలిని కాదు, వాతావరణాన్ని.

ఆకు కాడ కొమ్మను అంటుకునే చోట ఇంకో పని జరుగుతుంటుంది. అక్కడ పలచటి పొర కణాలు ఒకదాన్నొకటి వదులుకుంటాయి. కొమ్మ వైపు బెండు పొర గాయాన్ని ముందే మూసి పెడుతుంది. ఇక గాలి చాలు, లేదా ఆకు బరువే చాలు. రాలిన చోట నెత్తురు కారదు, చిన్న మచ్చ మిగులుతుంది. బీచ్ ముందు బంగారు రంగుకు, తరవాత రాగి రంగుకు తిరుగుతుంది. ఓక్ ఆలస్యంగా, నవంబరులో. సూదాకుల్లో లార్చ్ మాత్రం కుటుంబ ఆచారానికి విరుద్ధంగా పసుపెక్కి సూదులన్నీ రాల్చేస్తుంది. ఏదీ ఒకే రోజున జరగదు. అక్టోబరు చివర ఒకే గట్టు మీద నాలుగు దేశాల చెట్లు నాలుగు దశల్లో కనబడతాయి. ఇప్పుడు కెమెరాలకు ఇష్టమైన దృశ్యం అదే. ఇది ఏ ఒక్కరూ గీసిన దృశ్యం కాదు. హెన్రీ గట్టు, కోల్ట్ హోర్ తులిప్ చెట్లు, ఆరో బారొనెట్ మేపుల్‌లు ఒకే చెరువులో పడిన నీడలు.

ఇన్ని తరాల చెట్లు ఒకచోట నిలబడ్డాయంటే దాని వెనక చట్టం ఉంది. ఇంగ్లండ్‌లో ఆ రోజుల్లో ఎస్టేట్ పెద్ద వారసుడికే పోయేది, ముక్కలయ్యేది కాదు. పంచుకునే ఆస్తిలో బీచ్ నాటేవాడు అరుదు. ఎందుకంటే అది పెద్దదయ్యేసరికి గట్టు ఎవరి వాటాలో ఉంటుందో తెలియదు. మన దగ్గర కూడా పెద్ద జమీందారీలను విభజన నుంచి కాపాడటానికి 1904లో మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. అక్కడా ఇక్కడా ఆ రోజులు దాదాపు ఒకేసారి ముగిశాయి. 1894 తరవాత పెరుగుతూ పోయిన వారసత్వ పన్ను ఇంగ్లండ్ పెద్ద ఇళ్లను కుంగదీసింది. ఆరో బారొనెట్ ఒక్కగానొక్క కొడుకు హారీ మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి 1917లో చనిపోయాడు. 1946లో సర్ హెన్రీ, భార్య ఆల్డా స్టౌర్‌హెడ్‌ను నేషనల్ ట్రస్ట్‌కు ఇచ్చేశారు. మరుసటి ఏడాది మార్చి 25న భార్యాభర్తలిద్దరూ ఒకే రోజున, కొన్ని గంటల తేడాతో కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాది, 1948లో, మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. తేడా ఏమిటంటే, అక్కడ తోట ఒక సంస్థ చేతికి వెళ్లి నిలిచింది. ఇక్కడ భూమి రైతుకు వెళ్లింది, అది న్యాయమే. కానీ దివాణం తోటలు చాలాచోట్ల ఎవరివీ కాకుండా పోయాయి.

ట్రస్ట్‌కు తోటతో పాటు ఒక సమస్య కూడా సంక్రమించింది. ఒకేసారి నాటిన చెట్లు ఒకేసారి ముసలివవుతాయి. బీచ్ ఆయుష్షు మామూలుగా రెండు మూడు వందల ఏళ్లు. వేళ్లు లోతుకు దిగవు, పైపైనే పరుచుకుంటాయి. బోదె లోపల బూజు పట్టినా బయటికి నున్నగానే ఉంటుంది. పెద్ద గాలికి పడిపోయినప్పుడు గానీ డొల్ల అని తెలియదు. 1987 అక్టోబరు 16 తెల్లవారుజామున వచ్చిన గాలివాన ఇంగ్లండ్ ఆగ్నేయ భాగంలో సుమారు కోటిన్నర చెట్లను కూల్చింది. కెంట్‌లోని టాయ్స్ హిల్ మీద బీచ్‌లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అది అక్టోబరు కావడమే అంత నష్టానికి ఒక కారణం. ఆకులు ఇంకా రాలలేదు, ప్రతి చెట్టూ తెరచాపలా గాలిని పట్టుకుంది. నెల రోజుల తరవాత వచ్చి ఉంటే బోసి కొమ్మల మధ్య నుంచి సగం గాలి దూరిపోయేది. ఆ తెరచాపలే స్టౌర్‌హెడ్‌లో సరిగ్గా అదే నెలలో జనం చూడవచ్చే రంగులు.

ఇప్పటి తోటమాలుల టెన్షన్ గాలి ఒక్కటే కాదు. యాష్ చెట్లను ఎండగొట్టే శిలీంధ్రం 2012లో బ్రిటన్‌లో బయటపడింది. పాంటికమ్ పొదల్లో మకాం పెట్టి పక్కనున్న లార్చ్‌లను చంపే మరో రోగం 2009లో నైరుతి ఇంగ్లండ్ లార్చ్‌ తోటల్లో కనిపించింది. 2022 జులై 19న ఇంగ్లండ్‌లో మొదటిసారి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటింది. అది మనకు మామూలు మే నెల. పైపై వేళ్ల బీచ్‌కు మాత్రం అగ్నిపరీక్ష. ఆ ఆగస్టులో దక్షిణ ఇంగ్లండ్‌లో ఎన్నోచోట్ల చెట్లు నీళ్లు చాలక ఆకులు ఎండగట్టి రాల్చాయి. అక్టోబరు రంగులు ఆగస్టులో వచ్చాయని కొందరు మురిశారు కూడా. కానీ ఆ రాలడం పగటి పొడవును చూసుకుని సరుకు వెనక్కి లాక్కున్న రాలడం కాదు. మన టేకు మాఘంలో చేసే పని అది. టేకుకు అది అలవాటు, బీచ్‌కు ప్రమాదం.

కొత్త మొక్కలు నాటేది చలికాలంలోనే. నవంబరు నుంచి మార్చి దాకా, చెట్టు నిద్రలో ఉన్నప్పుడు, మట్టి అంటని వేళ్లతో తెచ్చి గుంటలో పెట్టి, లేళ్లు కొరకకుండా చుట్టూ తడక కడతారు. రంగుల కోసం వచ్చిన జనం అప్పటికి వెళ్లిపోయి ఉంటారు. పెద్ద బీచ్‌లు బోసిగా నిలబడ్డా, మోకాలి ఎత్తు బీచ్ పిల్లలు మాత్రం గాలికి గలగలమంటుంటాయి. చిన్నవయసు బీచ్ ఎండిన ఆకును రాల్చదు. చలికాలమంతా పట్టుకునే ఉండి, ఏప్రిల్‌లో కొత్త మొగ్గ ఉబ్బి తోసినప్పుడు వదులుతుంది.